ఈ ముక్క ఏ తానులోనిది?

వర్తకములో మొదటి మర్యాద మచ్చు. బియ్యపు బస్తాలో చేయి పెట్టి గుప్పెడు గింజలు తీసి చూపుదుము. తానునుండి జానెడు గుడ్డ కత్తిరించి యిత్తుము. కొనువాడు గింజను కొఱికి చూచును, గుడ్డను వెలుతురునకు పట్టి చూచును. ఇంటికి చేరిన సరుకు మచ్చుతో సరిపోకున్నచో ఆ అంగడి గుమ్మము మరల త్రొక్కడు. ఇది పెద్దలు నేర్పిన నీతి మాత్రమే కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టములో 17వ సెక్షనును ఇదే చెప్పుచున్నది. మచ్చు చూపి అమ్మినపుడు సరుకు మచ్చునకు సరిపోవలెను. పోల్చి చూచుకొను అవకాశము కొనువానికి ఉండవలెను. పైపరీక్షకు అందని లోపము సరుకులో దాగి యుండరాదు.

ఈ మూడు నియమములలో ఒక్కటియు వర్తింపని అంగడి దేశమున ఒకటి కలదు. అది సినిమా అంగడి. అచ్చటి మచ్చునకు ట్రైలరని పేరు.

మన సంఘ కుటుంబములలో నేడు ట్రైలరు చూడని యిల్లు లేదు. పూర్వము సినిమాహాలులో అసలు బొమ్మకు ముందు చూచువారము. ఇప్పుడు చంటిపిల్లవాని చేతి ఫోనులోను అది ఆడుచున్నది. కావున దానిని గూర్చి నాలుగు మాటలు గట్టిగా చెప్పదలచినాము. మా వాదము ఇది: ట్రైలరు చిత్రమును చూపునది కాదు, ముందుగా గిరాకీని ఎంచుకొని ఆ గిరాకీ కంటికి తగినట్లు కత్తిరించిన ముక్క. ఆ కత్తెర పట్టినవారి లెక్కలో, తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా కాపురమున్న మనము తెలుగువారముగా లేము. ఈ రెండును తెలిసికొని మసలుకొనకున్నచో మన డబ్బును పోవును, మన పిల్లల భాషయు పోవును.

న్యాయస్థానము ఏమన్నది?

2016లో ‘ఫ్యాన్’ అను హిందీ చిత్రము వచ్చినది. దాని ప్రచారములో ఒక పాట విశేషముగా మ్రోగినది. మహారాష్ట్రమునందలి ఒక ఉపాధ్యాయిని ఆ ప్రచారము చూచి కుటుంబముతో చిత్రమునకు వెళ్లగా, చిత్రములో ఆ పాటయే లేదు. ఆమె వినియోగదారుల ఫోరమునకు వెళ్లినది. జిల్లాలో ఫిర్యాదు నిలువలేదు. రాష్ట్ర కమిషను ఆమెకు 10,000 రూపాయలు పరిహారమును, 5,000 రూపాయలు ఖర్చులును ఇప్పించినది. జాతీయ కమిషను ఆ తీర్పును నిలిపినది. 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ట్రైలరు ఏకపక్షమైన ప్రకటన మాత్రమే. అది వాగ్దానము కాదు. దానివలన చూచువానికిని నిర్మాతకును నడుమ ఒడంబడిక ఏర్పడదు. కళకు సంబంధించిన సేవలో చేయువానికి కొంత స్వేచ్ఛ తప్పదు. తీర్పు సారాంశమిది.

అమెరికాలోను ఇట్టి వ్యవహారమే నడచినది. 2019 నాటి ‘యెస్టర్‌డే’ అను చిత్రపు ట్రైలరులో కనబడిన నటి చిత్రములో లేదని 2022లో ఇద్దరు ప్రేక్షకులు దావా వేసిరి. ట్రైలరు వ్యాపార ప్రకటనయే కావున మోసపు ప్రకటనల చట్టము దానికిని వర్తించునని అచ్చటి న్యాయమూర్తి 2022 డిసెంబరులో అన్నాడు. అయినను మఱుసటి యేట ఆ దావా వేఱు కారణమున నిలువలేదు.

తీర్పులను మేము గౌరవింతుము. సినిమా టిక్కెట్టు గోధుమ బస్తా కాదన్న మాటయు ఒప్పుకొందుము. కాని ఈ తీర్పులనుండి మనము నేర్చుకొనవలసిన పాఠమొకటి కలదు. మచ్చునకును సరుకునకును సంబంధము లేకున్నను మనలను ఆదుకొనుటకు ఎవరును రారు. కన్నులు మనవి, డబ్బు మనది. జాగ్రత్తయు మనదే కావలెను.

కత్తెర పనితనము

కొంచెము లెక్క వేయుదము. రెండున్నర గంటల చిత్రము 9,000 సెకండ్లు. రెండున్నర నిమిషముల ట్రైలరు 150 సెకండ్లు. అనగా అరువదింట ఒక వంతు. అరువది గజముల తానునుండి గజము ముక్క. అది ఒక్కచోట కత్తిరించిన గజమైనచో మేము వ్రాయవలసినది ఏమియు లేకుండెడిది. కాని అది నూఱు చోట్ల నుండి నూఱు పేలికలు కోసి, కుట్టు కనబడకుండ కూర్చిన గజము. జరీ ఉన్నచోటనెల్ల కత్తెర పడును. నేత పలుచబడిన నడిమి భాగము ఎవ్వరి కంటను పడదు.

నూఱు పేలికలైనచో ఒక్కొక్కటి సెకండున్నర మాత్రమే. అమెరికా సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ వేసిన లెక్క ప్రకారము 1930 మొదలు 1960 వఱకు హాలీవుడ్ చిత్రములలో ఒక షాటు సగటున 8 మొదలు 11 సెకండ్ల వఱకు నిలిచెడిది. ఆ శతాబ్దాంతమునకు అది చాల చిత్రములలో 3 మొదలు 6 సెకండ్లకు దిగినది. చిత్రమే ఇట్లు పరుగెత్తుచుండగా ట్రైలరు దానికన్న వేగముగా పరుగెత్తును. ఆ వేగమునకు కారణము అందము మాత్రమే అనుకొనరాదు. చూచువాడు ఆలోచించుకొను లోపల తరువాతి బొమ్మ వచ్చి మీద పడవలెను. సంతలో మాట మీద మాట దొర్లించి గిరాకీకి ఊపిరి సలుపనీయని బేరగాని పద్ధతియే ఇదియును.

రెండవ ఉపాయము ఇంకను సూక్ష్మమైనది. సుమారు నూఱేండ్ల క్రిందట రష్యాలో కులెషోవ్ అను దర్శకుడు ఒక పరీక్ష చేసెనని చెప్పుదురు. ఏ భావమును లేని ఒక నటుని ముఖమును తీసికొని, దాని ప్రక్కన ఒకసారి పులుసు గిన్నెను, ఒకసారి శవపేటికను చూపెను. ముఖము మాత్రము అదే. చూచినవారు మొదటిదానిలో ఆకలిని, రెండవదానిలో దుఃఖమును చూచితిమని నటుని మెచ్చుకొనిరట. భావము ముఖములో లేదు, కూర్పులో ఉన్నది. ట్రైలరు మర్మమంతయు ఇదియే. మొదటి అరగంటలోని నాయిక చిఱునవ్వును చివరి అరగంటలోని నాయకుని చూపునకు అతికింపుడు. చిత్రములో లేని ప్రేమ పుట్టును. ఒక సన్నివేశములోని తండ్రి మాటను ఇంకొక సన్నివేశములోని కాలిపోవు ఇంటి మీద వినిపింపుడు. చిత్రములో లేని పగ పుట్టును. ప్రతి పేలికయు ఆ తానులోనిదే. గజము మాత్రము ఆ తానులోనిది కాదు.

ఇట్లుగాక వేఱు దారి లేదని కొందఱు అందురు. కలదు. 1941 నాటి ‘సిటిజన్ కేన్’ చిత్రపు ట్రైలరులో ఆర్సన్ వెల్స్ చిత్రమునుండి తునక కూడ చూపలేదు. తన గొంతు మాత్రము వినిపించి, తన నటులను ఒక్కొక్కరిని పరిచయము చేసినాడు. ‘వీరు నావారు, వచ్చి చూడుడు’ అన్న పద్ధతి అది. అందులో సరుకు కనబడలేదు, కాని దొంగ మచ్చును కనబడలేదు.

ఎవరికి ఏ ముక్క?

ట్రైలరు పుట్టినపుడే ప్రకటనగా పుట్టినది. 1913లో న్యూయార్కులో మార్కస్ లో సినిమాహాళ్ల ప్రకటనల నిర్వాహకుడు నిల్స్ గ్రాన్‌లండ్ ఒక నాటకపు ప్రచారమునకై చిన్న చలనచిత్రమును చూపించెను. మొదట ఇట్టివి బొమ్మ ముగిసిన పిమ్మట చూపెడివారు. తోకవలె వెంట వచ్చునది కావుననే ఆ పేరు నిలిచినది. నేడు తోకయే తలయై చిత్రమును నడుపుచున్నది.

ఇప్పుడు ఒక చిత్రమునకు ఒక ట్రైలరు కాదు. గిరాకీకొక ముక్క. కెమెరా ఎచ్చట పెట్టిరో చూచినచో అది ఎవరి కొఱకు కత్తిరించినదో తెలియును. నాయకుని అభిమానుల కొఱకైనచో కెమెరా నేలమీద ఉండును. ముందు పాదము, తరువాత చేయి, తరువాత వీపు, అన్నిటికిని చివర ముఖము, అదియు మెల్లగా, ధూళి లేచుచుండగా. కుటుంబముల కొఱకైనచో కెమెరా మనిషి ఎత్తున నిలుచును. వాకిలి, ముగ్గు, పెండ్లి పందిరి, తల్లి కంటి తడి దగ్గఱగా. యువకుల కొఱకైనచో వాన, మోటారుసైకిలు, పాటలో ఒక చరణము. పరరాష్ట్రపు విపణి కొఱకైనచో ఆ ప్రాంతమువారెఱిగిన నటుని ముఖము, చిత్రములో అతని పని పది నిమిషములైనను, ట్రైలరులో ముందువరుసలో నిలుచును.

మా అంగడిలో మేమును పెండ్లివారికి పట్టును, బడిపిల్లలకు నూలును చూపుదుము. అది తప్పు కాదు. కాని ఒకే తానును ఒకరికి పట్టని, వేఱొకరికి నూలని చూపినచో దానిని వర్తకమనరు.

పిల్లల విషయములో ఇది ఎంత దూరము పోవునో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషను 2000 సెప్టెంబరులో వెల్లడించినది. హింస కారణముగా, 17 ఏండ్లకు లోపలివారు పెద్దల తోడు లేక చూడరాదని ముద్ర పడిన 44 చిత్రములను కమిషను పరిశీలించెను. వానిలో 35 చిత్రముల ప్రచారము ఆ వయస్సులోపలి పిల్లలనే గుఱిగా పెట్టుకొన్నదని తేలినది. 28 చిత్రముల ప్రచార ప్రణాళికలలో ఆ మాట స్పష్టముగా వ్రాసియే యున్నది. చూడరాదని ముద్ర వేయుట ఒక చేతితో, చూడ రమ్మని పిలుచుట ఇంకొక చేతితో!

మన దేశములో హాలులో చూపు ట్రైలరునకు సెన్సారు మండలి సర్టిఫికేటు కావలెను. 2023 సవరణతో చిత్రములకు 7, 13, 16 ఏండ్ల అంతరువులు కూడ ఏర్పడినవి. కాని ఫోనులోనికి వచ్చు ట్రైలరునకు ఆ మండలి గడప దాట నక్కఱలేదు. పిల్లవాడు హాలులో చూచునది కొంచెము. ఫోనులో చూచునది నిత్యము. ఆ గడపకు కావలి తల్లిదండ్రులే.

తెలుగు చిత్రము, పరుల మచ్చు

ఇక మన గోడు. తెలుగు చిత్రము నేడు దేశమంతటను అమ్ముడుపోవుచున్నది. ఇది గర్వింపదగిన మాట. మాకు ఈర్ష్య లేదు. కాని అమ్మకము పెరిగినకొలది మచ్చు ఎటు తిరిగినదో చూడుడు. 2022లో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ ట్రైలరు అయిదు భాషలలో వచ్చినది. ఆ మూడక్షరములకు తెలుగువారికి ‘రౌద్రం రణం రుధిరం’ అని, కన్నడిగులకు ‘రౌద్ర రణ రుధిర’ అని, తమిళులకు వరుస మార్చి నెత్తురు ముందును రౌద్రము వెనుకను అని, హిందీవారికి ‘రైజ్ రోర్ రివోల్ట్’ అని విప్పి చెప్పిరి. ఎవరి భాషలో వారికి చెప్పుట మర్యాదయే. దీనిని మేము మెచ్చుకొందుము. గిరాకీ భాషను గుర్తించుట వారికి తెలియునని ఇందువలన స్పష్టమగుచున్నది. మఱి ‘పుష్ప 2’ ట్రైలరును 2024 నవంబరు 17న విడుదల చేసినది హైదరాబాదులో కాదు, విశాఖలో కాదు. పాట్నాలో గాంధీ మైదానమున. పాట్నావారి ఆదరమును మేము తప్పు పట్టము. పెద్ద గిరాకీ ఎచ్చట ఉన్నదో కత్తెర అచ్చటికి పోవును. ఇది వర్తక సూత్రమే.

కాని ఈ సూత్రమువలన మాటకు కలుగు నష్టమును గమనింపుడు. ఒకే కూర్పును అయిదు భాషలలో పలికింపవలెనన్నచో పెదవులు కదలు ముఖము అడ్డము వచ్చును. కావున ట్రైలరులో నిండుగా సాగు సంభాషణ కరవగుచున్నది. దూరపు బొమ్మలు, వెనుకనుండి తీసిన బొమ్మలు, అరపులు, తుపాకులు, డోళ్లు మిగులుచున్నవి. పేరును తఱచు ఆంగ్లాక్షరములలోనే మెఱయుచున్నది. తెలుగు చిత్రపు మచ్చులో తెలుగే పలుచబడిన నేత అయినది.

హైదరాబాదులోని పిల్లవానికి ఇది చిన్న నష్టము. వానికి బడి కలదు, వీధి కలదు, బస్సు మీది బోర్డు కలదు. మన పిల్లలకు ఏమి యున్నది? తమిళనాడులో 2006 నాటి చట్టముతో బడిలో తమిళము క్రమముగా తప్పనిసరి అయినది. తెలుగు అక్షరము వెనుకబడినది. షోలాపురములో, బరంపురములో, బెంగళూరులో తెలుగు చదివి వ్రాయగల పిల్లలు ఏటేట తగ్గుచున్నారని ప్రతి సంఘపు సభలోను వినుచున్నాము. ఇంటి మాట పోగా వారి చెవిని పడు తెలుగు సినిమా తెలుగే. ఆ తెలుగును అరపులకు దించినచో, ఉన్న ఒక్క కిటికీకి తలుపు వేసినట్లే.

‘మీరు కొద్దిమంది, మీ కొఱకు ఎవరు కత్తిరింతురు?’ అని అడుగుదురు. లెక్క చూపుదుము. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా వ్రాయించినవారు తమిళనాడులో 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రములో 13 లక్షలు, ఒడిశాలో 7 లక్షలు. అన్నియు కలిపి 98 లక్షల వఱకు. కోటికి రెండు లక్షలు తక్కువైన గిరాకీని కాదను వర్తకుడు ఎవడు? ఆ పైన, తెలుగు సినిమాకు మనము బయటివారమా? తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో బొంబాయిలో తయారైనది. ఆ తరువాత దశాబ్దములపాటు తెలుగు చిత్రసీమ చెన్నపట్టణమునందే పెరిగినది. వెలుపలి తెలుగువారి ఊళ్లలో పుట్టి పెరిగిన బిడ్డ నేడు వెలుపలి తెలుగువారిని ఎఱుగననుచున్నది.

ఎఱుగకుండుటకు ఒక కారణము మన నిర్లక్ష్యమును. ట్రైలరు ఏ భాషలో ఎందఱు చూచిరో ఆ భాష పద్దులో వారిని వ్రాసికొందురు. హోసూరు తెలుగు కుటుంబము తమిళ ట్రైలరు చూచినచో తమిళ పద్దు. షోలాపురపు పద్మశాలి యువకుడు హిందీ ట్రైలరు చూచినచో హిందీ పద్దు. పద్దులో లేని గిరాకీకి సరుకు దింపువాడు లేడు. తరువాత ఊరి హాలులో తెలుగు ప్రతి రాలేదని వగచి లాభమేమి?

‘ప్రకటనకు ఇంత గొడవయా?’

ప్రకటన అన్నపుడు కొంచెము అతిశయోక్తి సహజము గదా అని మిత్రులు అందురు. సహజమే. ‘మా పట్టు మేలైనది’ అనుట అతిశయోక్తి. నూలు చూపి పట్టనుట వేఱు. ఒక చిత్రము మీద వందల కుటుంబముల బ్రదుకు ఆధారపడి యుండును, దానిని దెబ్బ తీయవచ్చునా అందురు. దెబ్బ తీయుమని మేము చెప్పుట లేదు. మోసపోయిన గిరాకీ రెండవసారి రాడు. నిజమైన మచ్చే పరిశ్రమను నిలుపును. మీరు సినిమాకు విరోధులా అని అడుగువారికి సమాధానము: విరోధులమైనచో తెలుగు ప్రతి కావలెనని అర్జీ పెట్టుదుమా?

చేయవలసినది

సంఘ సభ్యులకు ఈ క్రింది పనులు మనవి చేయుచున్నాము.

1. క్రొత్త చిత్రపు ట్రైలరును రెండుమార్లు చూడుడు. ఒకమారు ధ్వనితో, ఒకమారు ధ్వని లేకుండ. సంగీతము తీసివేసిన పిమ్మట ఏమి మిగిలినదో పిల్లలనే అడుగుడు. ఇది ఎవరి కొఱకు కత్తిరించిరో చెప్పుమనుడు. వారు మనకన్న త్వరగా పట్టుకొందురు.

2. పిల్లలను తీసికొనిపోవు ముందు ట్రైలరును కాదు, సర్టిఫికేటును చూడుడు. అందలి వయస్సు అంకెను చూచి టిక్కెట్టు కొనుడు.

3. తెలుగు చిత్రపు ట్రైలరును తెలుగులోనే చూడుడు, తెలుగుదే బంధువులకు పంపుడు. ఖర్చు లేని పని ఇది. మన కన్ను మన పద్దులో పడును.

4. ప్రతి శాఖా సంఘమును తన ఊరి తెలుగు కుటుంబముల సంఖ్యను వ్రాసి, హాలు యజమానికిని పంపిణీదారునకును అర్జీ ఇయ్యవలెను. వారమునకు ఒక్క ఆటయైనను తెలుగు ప్రతి, దానికి ముందు తెలుగు ట్రైలరు. అడిగినవారు ఆ ఆటకు వెళ్లి కుర్చీలు నింపవలెను. అర్జీ పెట్టి ఇంట కూర్చున్నచో మఱుసటి యేడు మన మాటకు విలువ యుండదు.

5. నిర్మాతలకు సంఘము పక్షమున మూడు కోరికలు వ్రాయవలెను: తెలుగు ట్రైలరులో పేరు తెలుగు అక్షరములలో ఉండవలెను, చిత్రములో లేని పాటగాని దృశ్యముగాని మచ్చులో చూపినచో ఆ సంగతి అచ్చటనే తెలుపవలెను, నిండుగా పలికిన తెలుగు వాక్యము ఒక్కటియైనను వినిపింపవలెను.

ఈ కోరికలలో గొంతెమ్మ కోరిక ఒక్కటియు లేదు. ఏ ఊరి అంగడిలోనైనను గిరాకీ అడుగదగినవే. అర్జీ నమూనా సంఘ కార్యాలయమున సిద్ధముగా నున్నది. దసరా చిత్రముల ట్రైలర్లు రాక మునుపే ప్రతి శాఖయు తన లెక్కను పంపవలెనని కోరుచున్నాము. లెక్క లేనివానికి మచ్చు చూపువాడును ఉండడు.